జ్వరం దిగిన రాత్రి

డెంగీలో జ్వరం దిగిపోయిన రోజే నా ప్రాణం మీదికి వచ్చింది. అలా జరగొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. 2024 అక్టోబర్ 9 పొద్దున ఆసుపత్రిలో ఒళ్ళు చల్లబడింది. మర్నాడు సద్దుల బతుకమ్మకు ఇంట్లోనే ఉండొచ్చని మా ఆయన సంచి సర్దారు కూడా. సాయంత్రానికి కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు. బీపీ పడిపోయింది. ప్లేట్‌లెట్లు 12 వేలు.

సెలైన్లు, రక్తపరీక్షలు అందరికీ ఉండేవే, వాటి గురించి రాయను. ఆ రాత్రి గురించే రాస్తాను.

నాది బి నెగటివ్. ఒకే దాత నుంచి మెషిన్ మీద ప్లేట్‌లెట్లు తీయాలి, మనిషిని మీరే తెచ్చుకోండి అన్నారు. హనుమకొండలో, పండగ ముందు రాత్రి, ఎవరిని తెస్తారు? మా ఆయన, మరిది ఫోన్లు పట్టుకుని వరండాలో తిరుగుతున్నారు. అర్ధరాత్రి కావస్తుండగా డ్యూటీ డాక్టరు నా మంచం పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటూ సిస్టర్‌తో అన్నాడు: "రతన్ టాటా పోయిండట." తర్వాత నా కేస్‌షీట్ తిరగేస్తూ, "అన్ని కోట్లున్నా ఆగలే. ఈమెకు డోనర్ దొరికిండా?"

నాకు నిద్ర పట్టలేదని ఆయనకు తెలియదు. తెలిసినా అనేవాడేమో. చావు ఎంత దగ్గరలో ఉందో అప్పుడే మొదటిసారి అర్థమైంది. కాళ్ళు వణికాయి. ఆ మాటకు నేనిప్పటికీ ఆయన్ని క్షమించలేదు. కానీ అదే మనిషి తెల్లవారుజాము దాకా కుర్చీలో కూడా కూర్చోకుండా, మాటిమాటికీ వచ్చి నా నాడి చూసి సెలైన్ వేగం మార్చాడు. బతికించిందీ ఆయనే. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో నాకు తెలియడం లేదు.

టాటా గురించి నాకు ముందు గుర్తొచ్చింది కార్లూ కంపెనీలూ కాదు. ఆ జూన్‌లో ఆయన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన విన్నపం. ముంబైలో ఏడు నెలల కుక్కపిల్లకు పిడుదు పురుగుల జ్వరమని అనుమానం, రక్తం బాగా తగ్గిపోయింది, ఇంకో కుక్క రక్తం కావాలి, సాయం చేయండని అడిగారు. దాతకు ఎంత వయసుండాలో, ఎంత బరువుండాలో కూడా రాశారు. ఆ పెద్దాయనకు అప్పటికి 86 ఏళ్ళు. ముంబైలో జంతువుల కోసం కట్టించిన పెద్దాసుపత్రి అప్పుడే మొదలవుతోంది. నాకు దాత కోసం వెతుకుతుంటే అదంతా కళ్ళ ముందు తిరిగింది. చావుకు రెండు రోజుల ముందు కూడా ఆయన, వయసు రీత్యా పరీక్షలే, కంగారు పడకండి అని రాశారు. నేనూ మా అమ్మకు ఫోన్‌లో అదే చెప్పాను.

మా అత్తమ్మ సంగతి వేరు. నాకు జ్వరమొచ్చిన రోజు నుంచి, "ఆ కుక్కలను ముద్దు చేస్తే రోగాలు రాక ఏమొస్తయ్" అంటూనే ఉంది. గేటు ముందు పడుకునే నల్లోడికి నేను పెరుగన్నం పెడతాను, అదీ నేరం. డెంగీ పగలు కుట్టే దోమతో వస్తుంది, కుక్కతో కాదు అంటే వినదు. మా పక్కన సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వానాకాలమంతా నీళ్ళు నిలిచే ఉన్నాయి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ మందు కొట్టలేదు. ఆ కోపం తీర్చుకునే దారి నాకు లేదు.

అలాంటి అత్తమ్మ టాటా పోయారని తెలిసి ఏడ్చింది. వాళ్ళ తమ్ముడికి గొంతు క్యాన్సరైతే పరేల్‌లోని టాటా దవాఖానలోనే నయమైంది. బయట ఫుట్‌పాత్ మీద పడుకుని మందు ఇప్పించుకున్నారట. 1941లో ఆ ఆసుపత్రి మొదలుపెట్టింది దొరాబ్జీ టాటా పేరిట ఉన్న ట్రస్టు, 1962 నుంచి అది కేంద్ర అణుశక్తి శాఖ కింద ఉంది. ఆమె దుఃఖంలో ఈ లెక్కలు ఎందుకని ఊరుకున్నాను.

నాలుగింటికి దాత దొరికాడు. ఆటో నడిపే అబ్బాయి, ఎవరికో తెలిసిన ఎవరికో తెలిసినవాడు. గంటన్నర మెషిన్ దగ్గర పడుకుని, పైసలిస్తే వద్దని, ఒక చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఇంటికి పిలిస్తే, "మీ గేటు కాడ కుక్కుందట కదక్కా, నాకు భయం" అన్నాడు. ఇప్పటికీ రాలేదు.

10వ తేదీన వార్డు టీవీలో టాటా భౌతికకాయం చూపించారు. గోవాలో దొరికి టాటా కంపెనీల ప్రధాన ఆఫీసు బాంబే హౌస్‌కు చేరిన, 'గోవా' అనే పేరున్న వీధికుక్కను అక్కడికి తెచ్చారు. అత్తమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "దానికి బువ్వ ఎవరు పెడ్తరో ఇగ" అంది. నల్లోడికి ఈ మూడు పూటలూ ఎవరు పెట్టారని అడిగాను. జవాబు లేదు. తర్వాత మరిది చెప్పాడు, పెట్టింది ఆమేనట.

ఇది చదివేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. డెంగీలో జ్వరం దిగాక రెండు రోజులు కళ్ళు తెరుచుకుని ఉండండి. కడుపునొప్పి, వాంతులు, మత్తు, చేతులు చల్లబడటం కనిపిస్తే బొప్పాయి ఆకు రసం అంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. ప్లేట్‌లెట్ల లెక్కతో ఆగకుండా పీసీవీ, అంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క, ఎంతుందో అడగండి. నొప్పులకు బ్రూఫెన్ లాంటివి వేయొద్దు, పారాసిటమాల్ చాలు. మిగతాది భద్రకాళమ్మ దయ. నేను మొక్కు తీర్చుకున్నాను.

ప్లేట్‌లెట్లు ఎక్కించుకున్నాను కాబట్టి ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదన్నారు. ఆగి, బ్లడ్‌బ్యాంకుకు వెళ్ళాను. హిమోగ్లోబిన్ 11 ఉంది, 12.5 లేనిదే తీసుకోమన్నారు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. వాటితో కడుపు ఉబ్బి చంపుతోంది గానీ, దసరాలోపు అంకె దాటించాలని చూస్తున్నాను.