నెట్ లేని క్లాసులో లెక్కల పాఠం: నా అనుభవం

లెక్కల మాస్టార్ల గ్రూపుల్లో లింకులకు కొదవ లేదు. రోజూ ఎవరో ఒకరు పనికొచ్చే వెబ్‌సైట్లంటూ పెద్ద చిట్టా పెడతారు. వాటిలో చాలామటుకు నెట్ ఉంటే తప్ప తెరుచుకోవు. మా కోనసీమలో గాలివానకి కొబ్బరి మట్ట తీగల మీద పడిందంటే కరెంటు పోతుంది, కాసేపటికి సిగ్నలూ పోతుంది. అందుకే నేను చూసేది రెండే: నెట్ లేకుండా నడవాలి, పిల్లల చేతికి ఇవ్వగలగాలి.

అలా నిలబడిన వాటిలో మొదటిది జియోజీబ్రా, గీతలూ వృత్తాలూ గీసి కదిపి చూసే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు. ఇంటి దగ్గర దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి స్కూలు కంప్యూటర్లో ఎక్కించాను. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ కూడా అంతే. ఒక్కో సిమ్యులేషన్, అంటే పిల్లలు కదిపి చూసే బొమ్మ, ఒక్కో ఫైలుగా దిగుతుంది, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఆరో తరగతి భిన్నాలకి అదే వాడతాను. పాఠ్యపుస్తకాల్లో ఉండే దీక్షా క్యూఆర్ కోడ్‌లంటారా, స్కాన్ చేస్తే పాఠం వీడియో వస్తుంది, నేను ముందురోజు రాత్రి పాఠం చూసుకోడానికి పనికొస్తాయి. క్లాసులో వీడియో వేస్తే పిల్లలు నోరు విప్పరు.

పదో తరగతి వృత్తాల దగ్గర అసలు పని పడింది. వృత్తాన్ని రెండు చోట్ల కోసే ఛేదనరేఖ జరుగుతూ జరుగుతూ ఒక్క చోటే తాకే స్పర్శరేఖ అవుతుందని చూపాలి. వృత్తం మీద రెండు బిందువులు పెట్టి, వాటి గుండా గీత గీసి, ఒక బిందువుని స్లైడర్‌కి, అంటే మౌస్‌తో జరిపే మీటకి, కట్టాను. మౌస్ పట్టుకున్న అమ్మాయి జరుపుకుంటూ వెళ్లింది. బిందువులు కలిశాయి, గీత మాయం.

"గీత ఎక్కడికి పోయిందండీ?"

ఒక్క బిందువు గుండా ఎన్ని గీతలు గీయొచ్చని అడిగాను. "ఎన్నైనా" అని వెనక బెంచీ జవాబు. మరి అందులో ఏది గీయాలో జియోజీబ్రాకెలా తెలుస్తుంది? పుస్తకంలో బొమ్మ చూస్తే ఈ ప్రశ్నే పుట్టదు.

మళ్లీ ఇంకోలా కట్టాం. వ్యాసార్ధం 3, కేంద్రం నుంచి గీతకున్న దూరమే స్లైడర్. దూరం పెరిగేకొద్దీ ఖండన బిందువులు దగ్గరై సరిగ్గా 3 దగ్గర ఒకటయ్యాయి, గీత మాత్రం ఉంది. 3.1కి జరపగానే బిందువులు పోయాయి. స్పర్శ బిందువు దగ్గర వ్యాసార్ధానికీ గీతకీ మధ్య కోణం కొలిచి 90 అని వాళ్లే చెప్పారు. కొలిచినంత మాత్రాన నిరూపణ అయిపోదు కదా, అది బోర్డు మీద సుద్దముక్కతోనే చేశాం.

ఎనిమిదో తరగతి గ్రాఫులకి ఏ సైటూ వెతకలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందు ఇవే వస్తాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరద అంకెలు రెండు చోట్లవీ పాత పేపర్లలోంచి తీసి, నెట్ లేకుండా నడిచే లిబ్రేఆఫీస్ పట్టికలో ఎక్కించి గ్రాఫు గీశాం. రెండు ఊళ్లకీ ఒకే స్కేలు పెట్టేసరికి ధవళేశ్వరం గీత అడుగునే ఉండిపోయింది, వరదే రానట్టు.

"అబద్ధం మాస్టారూ, మా ఇంట్లోకి నీళ్లొచ్చేశాయండి" అన్నాడొకడు.

ధవళేశ్వరానికి కుడిపక్కన వేరే స్కేలు పెట్టాక గీత లేచింది, మూడో హెచ్చరిక దాటింది. భద్రాచలం శిఖరం ముందు, దాని వెనకాల ధవళేశ్వరం శిఖరం. ఆ రెండింటికీ మధ్య ఎంతసేపుందో లెక్కగట్టుకు రమ్మని ఇంటిపని ఇచ్చాను.