లెటర్ మూడో పేజీలో ఆ ఒక్క లైను

ఎంబీఏ అయ్యి కన్సల్టింగ్‌లో చేరేటప్పుడు నా చూపంతా బేసిక్, జాయినింగ్ బోనస్‌ల మీదే. రెండేళ్లకు వేరే దేశంలోని ఆఫీసుకు ట్రాన్స్‌ఫర్ అడిగాను. వచ్చిన లెటర్ మూడో పేజీలో ఒక లైను: ఇకపై జీతం అక్కడి ఆఫీసు స్కేలు ప్రకారం. అంకె పెద్దదే. పన్నూ అద్దే తీసేసి కాగితం మీద లెక్కేస్తే, చేతిలో మిగిలేది ఇప్పటికంటే తక్కువ! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కొద్ది నెలల డెప్యుటేషన్ అయితే మామూలుగా జీతం పాత ఆఫీసుదే. పర్మనెంట్ ట్రాన్స్‌ఫర్ అలా కాదు. వీసా సంగతి సరేసరి. తమ కంపెనీ అమెరికా ఆఫీసుకే మారేవాళ్లకిచ్చే ఎల్-1 వీసాకి గత 3 ఏళ్లలో కనీసం 1 ఏడాది ఆ సంస్థకే బయటి దేశంలో వరుసగా పనిచేసి ఉండాలి.

కొత్తగా చేరుతున్నవాళ్లూ, సంతకం పెట్టకముందే ఇవన్నీ అడగండి. నేను అడగలేదు, ఆ బాధ ఇంకా పోలేదు.