1919 నా చుట్టూనే తిరుగుతోంది

విజయనగరంలో వయొలిన్ వాయించేవాడికి చరిత్ర కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, అదే ఎదురొస్తుంది. కోట పక్కనుంచి పెళ్లి కచేరీకి బండి మీద వెళ్తూ, భుజానికి తగిలించిన వయొలిన్ పెట్టె ఎవరికీ తగలకుండా చూసుకోవడమే నాకు పెద్ద టెన్షన్. అయినా సంగీత కళాశాల దాటుతుంటే చూపు అటే పోతుంది. 1919లో మొదలైన కాలేజీ అది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆయన తర్వాత 1936లో ఆ కుర్చీలో కూర్చున్నది మా వయొలిన్ వాళ్లందరికీ దేవుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల ఈ ఊళ్లోనే మధూకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తింటూ, సంగీతం నేర్చుకున్నారు. పెళ్లి భోజనాల్లో నాకు రెండో స్వీట్ వేస్తుంటే ఆ సంగతి గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా ఉంటుంది, తినడం మాత్రం మాననులెండి.

ఆగస్టు పదిహేనుకి స్కూలు పిల్లలతో జనగణమన వాయించాలి. 52 సెకన్లలో ముగించాలి, పిల్లలేమో ‘జయహే’ దగ్గర సాగదీస్తారు. ఠాగూర్ ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చింది, ఐరిష్ సంగీతకారిణి మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసింది మన మదనపల్లెలోనే, అదీ 1919లోనే! ఈ మాట చెబితే పిల్లలు నోరు తెరుస్తారనుకున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, చాక్లెట్లు ఎప్పుడిస్తారు?" అన్నాడు.