పచ్చదీపం వెలిగినా కదలని కూడలి

నిన్న సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఒకటి గమనించాను. అక్కడ సిగ్నల్ ఉల్లంఘించినవారు ఒక్కరూ లేరు. పచ్చదీపం పడింది, ముందుకు వెళ్లారు. అవతల ఖాళీ ఉందో లేదో చూడలేదు, అంతే. నాలుగు వైపుల నుంచీ అలాగే దూరడంతో బస్సు ముక్కు ఒక కారు తలుపు దాకా వచ్చి ఆగింది. ఆ కారు వెనుక భాగం మరో బస్సుకు అడ్డం. ఎవరో ఒకరు వెనక్కి తగ్గితే అందరూ బయటపడతారు. కానీ ముందుగా తగ్గేదెవరు? హారన్లు మాత్రం పోటీపడి మోగించారు.

చట్టసభల్లోనూ ఇదే తంతు. ఒకప్పటి పోలండ్ పార్లమెంటులో ఒక్క సభ్యుడు ‘ఒప్పుకోను’ అంటే చాలు, సమావేశమే రద్దయ్యేది. 1791లో కొత్త రాజ్యాంగం వస్తే గానీ ఆ వీటో పోలేదు. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత పూర్తిస్థాయి ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. అయినా ఆపద్ధర్మ ప్రభుత్వం రోజువారీ పనులు నెట్టుకొచ్చింది. అమెరికాలో అలా కాదు, నిధులపై ఒప్పందం కుదరకపోతే కార్యాలయాలకు తాళాలే. 2018 డిసెంబరులో మొదలైన పాక్షిక మూసివేత 35 రోజులు సాగింది. విమానాల నియంత్రణ సిబ్బంది చాలక న్యూయార్క్‌లో విమానాలు ఆగిన రోజునే రాజీ కుదిరింది. లక్షలాది ఉద్యోగుల జీతాలు ఆగినప్పుడు రాని తొందర, విమానాలు ఆగితే వచ్చిందన్నమాట!

బ్రిటన్‌లో 1967 నుంచి కూడళ్లలో పసుపు గళ్లు గీస్తున్నారు. అవతల చోటుంటేనే ఆ గళ్లలోకి రావాలి. నాకు నచ్చిన నిబంధన. కెమెరా లేకపోతే వాటినీ తొక్కుతారనుకోండి.