టన్నుల నుంచి ఒక్క చేప దాకా

ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివిన నాలుగేళ్లూ నాకు చేపలంటే లెక్కలే. హెక్టారుకి ఎన్ని పిల్లలు వదిలారు, కిలో పెరగడానికి ఎంత మేత తిన్నాయి, పట్టుబడికి ఎన్ని టన్నులొచ్చాయి. రొయ్యలైతే కౌంటు, అంటే కిలోకి ఎన్ని తూగాయని. నెల్లూరు జిల్లాలో ఎన్ని ఇళ్లు ఆ లెక్కల మీద నడుస్తున్నాయో మనకి తెలుసు కాబట్టి దాన్ని తప్పుపట్టను. నేను చేరిన 2007లో గుంటల్లో ఇంకా టైగర్ రొయ్యే ఉండేది. 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చింది. మేం బి.ఎఫ్.ఎస్సీ. పట్టా పుచ్చుకునేసరికి ఎవరి నోట విన్నా వెనామీయే.

ఇప్పుడు గల్ఫ్‌లో ఒక పెద్ద అక్వేరియంలో క్వారంటైన్ విభాగంలో, అంటే కొత్తగా వచ్చిన చేపల్ని విడిగా ఉంచి చూసే చోట పనిచేస్తున్నాను. ఇక్కడ పెద్ద చేపలకి ఒక్కోదానికీ విడిగా ఒక ఫైలు ఉంటుంది. ఎప్పుడొచ్చింది, ఏం తింటోంది, నిన్న ఏం తినలేదు, అన్నీ అందులో ఉంటాయి. ఆ టన్నుల్లోంచి ఈ ఫైళ్లలోకి ఎలా వచ్చి పడ్డావని జూనియర్లు అడుగుతుంటారు. చెప్పాలంటే హాస్టల్ గదిలో మేం పెట్టిన రెండడుగుల తొట్టి దగ్గర మొదలుపెట్టాలి.

రెండో ఏడాది నేనూ నా రూమ్మేటూ నెల్లూరు వెళ్లి అద్దాల షాపులో ఐదు ముక్కలు కోయించుకొచ్చాం. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని, ఎవరు మీదికొచ్చినా 'అద్దం, అద్దం' అని అరుస్తూ వచ్చాం. సిలికాన్‌తో అంటిస్తే ఆ రాత్రంతా గది వెనిగర్ వాసన. అది ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుందని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం పక్క గదివాళ్లు మేం పచ్చడి పెడుతున్నామనుకున్నారు. రెండు రోజులు ఆరబెట్టి నీళ్లు పోస్తే ఒక మూల సన్నగా కారింది. బ్లేడుతో గీకి మళ్లీ అంటించాం. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు, నిండా పోస్తే 54 లీటర్లు. అంటే 54 కిలోలు. చదువుకునే బల్ల కిర్రుమంది.

ఆ సాయంత్రమే ఆరు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి వదిలేశాం. ముచ్చటేసి పూటపూటా మేత వేశాం. మూడో రోజుకి అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. వారం తిరక్కుండా ఆరూ పోయాయి.

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అంతకు నెల ముందే నేను పరీక్షలో నైట్రోజన్ సైకిల్ బొమ్మ బాణం గుర్తులతో సహా వేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుందని, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తే ఇంకో రకం నైట్రేట్ చేస్తుందని, కొత్త తొట్టిలో అవి స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని రాశాను. ఆ రాసినదానికీ గదిలో తొట్టికీ సంబంధం ఉందని మాత్రం తట్టలేదు. సార్ దగ్గరికి వెళ్తే తిట్టలేదు. అమ్మోనియా కిట్ చేతికిచ్చి నీళ్లు పరీక్ష చేయమన్నారు. పసుపుపచ్చగా ఉండాల్సిన ట్యూబు ముదురాకుపచ్చకి తిరిగింది. "పీహెచ్ చూడు" అన్నారు. 8 ఉంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు పది రెట్లవుతుంది. ఇదీ నేను రాసిందే.

ఆయన తన పాత తొట్టిలోని ఫిల్టర్ స్పాంజి తీసి మా తొట్టిలో పిండించారు. నీళ్లు మడ్డిగా అయిపోతే మాకు ఏడుపొచ్చింది. మనకి కావాల్సిన బ్యాక్టీరియా అంతా ఆ మడ్డిలోనే ఉందన్నారు. చేపలు తెచ్చాక రోజూ మేత వేసే ముందు పావుగంట తొట్టి ముందు ఊరికే కూర్చోమన్నారు. "మేతకి ఎవడు రాలేదో నోటుబుక్కులో రాయి. వచ్చినవాళ్ల సంగతి వదిలెయ్."

గుంటలో అలా కుదరదు. అక్కడ కాస్త మేత వేసి నీళ్లలో దించిన చెక్ ట్రే పైకి లాగి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూసి, మొత్తం గుంట సంగతి అంచనా కడతాం. అదీ విద్యే, నేను తర్వాత మూడేళ్లు దానిమీదే బతికాను. కానీ ఒక్క చేపని గుర్తుపట్టడం నాకు ఆ 54 లీటర్ల దగ్గరే అలవాటైంది.

ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది కొత్తగా వచ్చిన బ్యాట్‌ఫిష్‌లలో ఒకటి మేతకి ఆలస్యంగా రావడం చూశాను. తింటోంది, కానీ అన్నిటికంటే చివర. మధ్యమధ్య అడుగున ఇసుకకి ఒళ్లు రుద్దుకుంటోంది, ఒక కన్ను మసకగా ఉంది. మా సూపర్‌వైజర్‌కి చెబితే మంచినీళ్ల స్నానం చేయిద్దామంది. తొట్టి ఉష్ణోగ్రతకీ పీహెచ్‌కీ సరిపెట్టిన మంచినీళ్లు, ఎయిర్ స్టోన్, చేతిలో స్టాప్‌వాచ్, ఐదు నిమిషాలు. రెండు నిమిషాలకల్లా చేప ఒంటిమీద అప్పటిదాకా లేని తెల్లటి మచ్చలు కనిపించాయి. ఇవి నియోబెనెడీనియా అనే చదును పురుగులు. ఉప్పునీళ్లలో అద్దంలా ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు. మంచినీళ్లు లోపలికెక్కి ఉబ్బి తెల్లబడి, ఒక్కొక్కటే రాలి నువ్వుగింజల్లా టబ్బు అడుగున పడ్డాయి. అదే నీళ్లలో చేప తట్టుకుంది, పురుగు తట్టుకోలేదు. ఆస్మాసిస్ పాఠం నాకు ఆ టబ్బులో అర్థమైంది. గుడ్లు తొట్టిలోనే ఉంటాయి కాబట్టి ఆ తర్వాత ప్రాజిక్వాంటెల్ మందు, మళ్లీ స్నానం. దాని ఫైలు మూయడానికి నెల దాటింది.

ఉద్యోగం సంగతి అడిగేవాళ్లకి ఒక మాట. సొరచేపలతో ఈదే ఫొటోలు చూసి రాకండి. రోజులో సగం వంటింట్లోనే గడుస్తుంది. చేపలు కడగడం, కోయడం, తూకం వేయడం. ఫ్రీజర్‌లో పెట్టిన చేపల్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది, కొన్నిటిలో దాన్ని విరిచేసే ఎంజైమ్ కూడా ఉంటుంది. అందుకే మేత చేప మొప్ప సందులో మాత్ర దూర్చి పెడతాం. మా అమ్మ వీడియో కాల్‌లో అది చూసి, వంకాయలో కారం కూరినట్టుందంది. మిగతా సగం పీవీసీ పైపులు, వాల్వులు, శాండ్ ఫిల్టర్లు. ప్లంబింగ్ వచ్చినవాడికి ఇక్కడున్న గౌరవం పీహెచ్‌డీకి లేదు. సముద్రం పక్క ఊరివాణ్నై ఉండీ నాకు ఈత వచ్చేది కాదు. ఇరవై ఆరేళ్లకి చిన్నపిల్లల మధ్య నేర్చుకుని, ఆ తర్వాత డైవింగ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. మీరు కాలేజీలో ఉండగానే నేర్చుకోండి.

అమెరికాలో ఒరెగాన్ తీరాన న్యూపోర్ట్‌లో దీనికోసమే అక్వేరియం సైన్స్ అని విడిగా కోర్సు పెట్టారు. మన దగ్గర ఫిషరీస్ చదివి ఇటు తిరగాల్సిందే. మద్రాసు మెరీనాలో 1909లోనే అక్వేరియం తెరిచిన దేశం మనది. అయినా అక్వేరిస్ట్ అంటే ఎవరని పెళ్లిచూపుల్లో నన్నడిగారు. విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉంది కదా, అలాంటి చోట తెర వెనక పనిచేసేవాణ్నని చెప్పాను. టికెట్లు అమ్ముతాననుకున్నారు.

ఖాళీలు తక్కువ, మొదట్లో జీతమూ తక్కువే. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలో టెక్నీషియన్‌గా ఉన్న నా క్లాస్‌మేట్లు నాకంటే ముందు కారు కొన్నారు.

ఆ రూమ్మేటు ఇప్పుడు కృష్ణపట్నం దగ్గర సొంతంగా గుంటలు చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. గ్రూపర్ ఒకటి మూడు రోజులుగా మేత ముట్టడంలేదని, డాక్టరూ మేం నలుగురమూ దాని చుట్టూనే ఉన్నామని చెప్పాను.

"ఎన్ని టన్నులుంటాయిరా?"

"ఒక్కటే చేప."

కాసేపు ఏం మాట్లాడలేదు. "ఏందిరా, ఒక్కదానికి ఐదుగురా?" అన్నాడు. తర్వాత మెల్లిగా, హాస్టల్లో చివరిదాకా మిగిలిన ఆ తోక తెల్ల గోల్డ్‌ఫిష్ కూడా మేతకి రాకుండా మూలన నక్కేది కదా అన్నాడు. ఆ నోటుబుక్కు ఇంకా వాడి దగ్గరే ఉందట.