మూడో కర్ర

మంగళవారం, రాత్రి పదిన్నర.

ఎడమ పిక్క ఇంకా పట్టేసే ఉంది. పొద్దున గంటన్నర సేపు ఎర్రటెండలో, వరుసలో, హాఫ్ క్లచ్ మీద బండిని జానెడు జానెడు జరుపుకుంటూ పోయిన ఫలితం. జండూబామ్ రాసుకుని కూర్చున్నాను. డ్రైవింగు పరీక్ష పాసయ్యాను. ముందు ఆ ముక్క రాసేస్తే మిగతాది తీరిగ్గా రాసుకోవచ్చు.

నలభై ఆరేళ్ళొచ్చాక ఇదేం సరదా అని మా రైసు మిల్లులో గుమస్తా దగ్గర్నుంచి హమాలీల దాకా అందరూ అడిగారు. సరదా కాదు. నాన్నని నెలకోసారి విజయవాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. చుక్కల మందు వేసి పంపిస్తే ఆయనకి సాయంత్రం దాకా ఏదీ సరిగ్గా కనపడదు. ఆ కళ్ళతో బస్టాండులో జనాన్ని తోసుకుని ఎక్కడం చూడలేక, తమ్ముడు బెంగళూరు వెళ్తూ వదిలేసిన ఆల్టో మీద కన్నేశాను. రెండేళ్ళుగా వాకిట్లో కవరు కప్పుకుని ఉంది. కింద పిల్లి రెండుసార్లు పురుడు పోసుకుంది.

నాన్న లారీ డ్రైవరు. ఆరేళ్ళు క్లీనరుగా తిరిగి, 1971లో హెవీ లైసెన్సు తీసుకుని, ముప్ఫై నాలుగేళ్ళు తోలాడు. ఆయన తోలిన హైవే ఇప్పుడు పదహారో నంబరు రోడ్డయినా ఆయనకి ఈనాటికీ ఐదో నంబరు రోడ్డే. అలాంటి మనిషి కూతురికి స్టీరింగు పట్టుకోవడం రాదంటే ఎవరూ నమ్మరు. ఇంటిముందు లారీ ఆగితే టైరెక్కి ఆడుకునేవాళ్ళం గానీ, క్యాబిన్ తలుపు మీద చెయ్యేస్తే వీపు విమానం మోతే. తమ్ముడిక్కూడా ఆయన నేర్పలేదు. "ఈ పని మీకొద్దు" అనేవాడు, అంతే.

ఎల్‌ఎల్‌ఆర్, అదే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు, దాని పరీక్ష సంగతి అప్పట్లో రాయలేదు. నలభై దాటినవాళ్ళకి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. మా వీధి డాక్టరుగారు బీపీ చూసి, గోడ మీది అక్షరాలు చదివించి, రంగులు గుర్తుపట్టించి, సంతకం పెడుతూ "డ్రైవర్ని పెట్టుకోరాదా అమ్మా" అన్నారు. జీతం మీరిస్తారా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. పరీక్ష కంప్యూటరు మీద. 20 ప్రశ్నలు, 12 కరెక్టయితే గట్టెక్కినట్టే. నాకు 17 వచ్చాయి.

తెలుగులోనే రాశాను. కానీ అక్కడి తెలుగు మనం రోడ్డు మీద మాట్లాడుకునేది కాదు. పాదచారి, కూడలి, అధిగమించుట. పక్క కుర్చీలో కుర్రాడు కాలేజీ పిల్లాడే, "అధిగమించుట అంటే ఏంటాంటీ" అని గొణిగాడు. "ఓవర్‌టేకు" అన్నాను. పరీక్షలో జవాబు చెప్పడం తప్పు. ప్రశ్న చెప్పడం తప్పో కాదో ఇప్పటికీ తేలలేదు.

చేతి సైగల ప్రశ్న ఒకటొచ్చింది. కిటికీలోంచి కుడిచెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, పైకీ కిందికీ ఊపితే ఏమిటర్థం? ఈ రోజుల్లో కారులోంచి చెయ్యి బయటపెట్టేది టోల్‌గేటు దగ్గర తప్ప ఎవరూ లేరు. నాకు మాత్రం చదవకుండానే వచ్చు. మెల్లగా వెళ్తున్నానని. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని నాన్న చేతులు చూసి నేర్చుకున్న ఆట అది. చెయ్యి తిన్నగా చాస్తే కుడికి, గుండ్రంగా తిప్పితే ఎడమకి, వెనక నుంచి ముందుకి ఊపితే "దాటెళ్ళు నాయనా" అని. ఎడమకి తిరిగేటప్పుడు కూడా కుడిచెయ్యే ఎందుకు అని అడిగితే "కిటికీ అటే ఉంది కదే" అన్నాడు. ఘాట్ రోడ్డులో ఎవరు ఎవరికి దారివ్వాలన్నదీ అంతే. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. శ్రీశైలం ఘాట్ కథలు విని పెరిగినదాన్ని, అది పుస్తకంలో చదవాలా? పోయిన మూడింట్లో ఒకటి మాత్రం సిగ్గుచేటు. నీలం గుండ్రం మీద ఒక ఎర్ర అడ్డగీత ఉంటే పార్కింగు వద్దని, రెండు గీతలు కత్తెరలా ఉంటే అసలు ఆపనే వద్దని. రోజూ మిల్లుకి వెళ్ళే దారిలో ఆ రెండో బోర్డు కిందే టిఫిన్ బండి ఉంటుంది. ఇడ్లీ కోసం రోజూ అక్కడే ఆగే మనిషికి ఆ బోర్డు అర్థం ఎలా తెలుస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన నెలకి గానీ అసలు పరీక్షకి వెళ్ళనివ్వరు. వచ్చాక ఆర్నెల్లే గడువు. ఆ నెల రోజులూ డ్రైవింగు స్కూలుకి వెళ్ళాను. మాస్టారు మంచివాడు, ఓపిక ఎక్కువ. ఆయన కాళ్ళ దగ్గరా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉండేవి కాబట్టి ఆ ఓపిక అనుకుంటాను. రోడ్డు మీద నాలుగు రోజులు తిప్పి, మిగిలిన రోజులన్నీ హెచ్. రెండు నిలువు గీతలు, మధ్యన ఒక అడ్డగీత. ఒక నిలువులో ముందుకెళ్ళి, వెనక్కొచ్చి, అడ్డగీతలోంచి అవతలి నిలువులోకి తిరగాలి. అక్కడా ముందుకీ వెనక్కీ పోయి బయటపడాలి. గీతల వెంట కర్రలు పాతి ఉంటాయి, ఒక్కటీ తగలకూడదు. మాస్టారి పద్ధతి చాలా సులువు. "వెనక అద్దం మూలలో మూడో కర్ర కనపడగానే ఫుల్ లెఫ్ట్ కొట్టెయ్యండి మేడమ్. అద్దంలోంచి కర్ర తప్పుకోగానే స్టీరింగు తిన్నగా చేసెయ్యండి." టెన్త్‌లో మేము గైడులు బట్టీ పట్టినట్టే. వారం తిరక్కుండా కళ్ళు మూసుకుని హెచ్ వేసేశాను.

పరీక్షకి మా ఆల్టోలో వెళ్ళాను. మాస్టారి కారు వేరు, దాని వెనక అద్దం వేరు. మూలలో మూడో కర్ర కనపడాల్సిన చోట నాకు రెండోది కనపడింది. అదే మూడోదనుకుని ఫుల్ లెఫ్ట్ కొట్టాను. కర్ర టక్కున వాలింది. వారం దాకా మళ్ళీ రావద్దన్నారు. ఆ రోజు డైరీలో "ఫెయిల్" అని ఒక్క మాట ఉంది, పైన వెనక్కి తిప్పి చూశాను ఇప్పుడే.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే నాన్న నవ్వలేదు, అదే నయం. "కర్రలు లెక్కపెట్టి బండి తోలతారంటే? రోడ్డు మీద నీకు కర్రలెవడు పాతతాడు?" అన్నాడు. ఆయన పరీక్ష రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరు పక్కనెక్కి కూర్చుని, సంత జరిగే వీధిలోకి తోలమన్నాడట. చివరికి పోయాక వెనక్కి రమ్మన్నాడట. "వెనక చక్రం ఎక్కడుందో నీ నడుముకి తెలియాలి. అద్దం సాక్ష్యానికే."

ఆదివారం మిల్లు సెలవు. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం తాళం ఓనరుగారినడిగి తీసుకున్నాను. ఖాళీ గోతాల్లో ఊక నింపి నిలబెట్టి, సుద్దముక్కతో హెచ్ గీశాం. ఊకబస్తా తగిలినా బండికేం కాదు, పడితే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. మొదటి గంటలో పదకొండు పడ్డాయి, నేనే లెక్కపెట్టాను. నాన్న పక్క సీట్లో కూర్చుని ఒకే మాట. "మెల్లగా. ఇంకా మెల్లగా. చక్రం తిరుగుతోందా లేదా అన్నట్టు పోవాలి. నువ్వు తొందరపడితే ఆలోచన వెనకబడుద్ది." మధ్యలో "క్లచ్చి తొక్కిపట్టకే, ప్లేటు కాలిపోద్ది" అని అరుపు. మెల్లగా పోవాలంటే తొక్కిపట్టాలి, తొక్కితే ప్లేటు పోతుంది. ఈ చిక్కుముడి ఆయన విప్పనూ లేదు, నన్ను విప్పనివ్వనూ లేదు.

ఈరోజు పొద్దున్నే పక్కింటి కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ఎల్ బోర్డు బండిలో పక్కన లైసెన్సున్నవాళ్ళు ఉండాలి. నాన్న లైసెన్సు గడువు తీరి ఎన్నో ఏళ్ళయింది. ముప్ఫై నాలుగేళ్ళు లారీ తోలిన మనిషి వెనక సీట్లో, లైసెన్సొచ్చి ఏడాది కాని పిల్లాడు నా పక్కన. వాడు మొహమాటపడి "తాతగారూ, మీరు ముందు కూర్చోండి" అన్నాడు. "కాగితం ఉన్నోడే ముందు కూర్చోవాలి" అన్నాడు నాన్న, తలుపు వేసుకుంటూ.

ట్రాక్ పక్కన వేపచెట్టు కింద బెంచీ, ఒక జిరాక్స్ కొట్టు, కొబ్బరిబొండాల బండి. ముందు బైకులవాళ్ళ ఎనిమిదంకె అయ్యేదాకా మమ్మల్ని ఆపారు. ఒక పెద్దాయన ఎనిమిది మధ్యలో కాలు దించేసి, దించలేదని వాదించాడు. దించిన కాలు ఇంకా నేల మీదే ఉంది. నా వంతొచ్చేసరికి పన్నెండు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఒకమ్మాయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది. నాన్న చెట్టు కిందినుంచి లేచి, చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఆ బట్టలకి ఆయన ఇప్పటికీ లేచి నిలబడతాడు.

సీటు సర్దుకున్నాను, అద్దాలు సర్దుకున్నాను, బెల్టు పెట్టుకున్నాను. అది మర్చిపోయి ఒకాయన మొదట్లోనే దిగిపోవడం చూశాను మరి. ఎడమ నిలువులో వెనక్కి వస్తుంటే మెడ తిప్పాను. వెనక అద్దం మూలలో రెండో కర్ర. ఈసారి మోసపోలేదు. ఇంకో బారెడు పోనిచ్చాను. మూడోది కనపడింది, స్టీరింగు కొట్టాను. చక్కగా వచ్చింది. అవతలి నిలువులో మాత్రం ఎండ సూటిగా అద్దం మీద పడి కర్రలేవీ కనపడలేదు. అప్పుడింక గతిలేక, చక్రం తిరుగుతోందా లేదా అన్నట్టు, తల బయటపెట్టి వెనక టైరు చూసుకుంటూ వచ్చాను. ఒకసారి ఆగి, ముందుకి జరిపి, సరిచేసుకోవాల్సి వచ్చింది. అది తప్పు కిందికి వస్తుందేమోనని గుండె ఆగింది. ఆవిడ కాగితంలో ఏదో రాసుకుని, "సరే, తీసుకెళ్ళండి. ఇండికేటరు వేసే ఉంది చూసుకోండి" అంది. అంతే పరీక్ష.

నాన్న "చూశావా, నడుముకి తెలిసింది" అన్నాడు. అవునన్నాను. సగం హెచ్ మూడో కర్ర పుణ్యమేనని చెప్పలేదు.

ఇంటి దారిలో పంటకాలువ గట్టు మీదికి మళ్ళాక, ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు. గడ్డి అటు చెట్లకీ ఇటు కరెంటు తీగకీ తగులుతోంది. వాడు వెనక్కి పోలేడు. నేనే పోవాలి, వంతెన దాకా యాభై గజాలు. ఎడమపక్క కాలువ నిండుగా ఉంది. పక్కింటి కుర్రాడు దిగబోతే నాన్న వాణ్ణి ఆపి, తనే దిగాడు. అద్దంలో చూస్తే ఆయన కనపడలేదు. డిక్కీ మీద అరచేతి దెబ్బలు మాత్రం వినపడ్డాయి. రెండు చిన్న దెబ్బలు. "రానీ... రానీ... కుడికి కొట్టు... రానీ..." యాభై ఏళ్ళ కిందటి క్లీనరు గొంతు. ఆ కళ్ళకి ఎండలో కాలువ గట్టు ఎంత కనపడుతోందో నాకు తెలుసు. అయినా చక్రం ఆయన చెప్పినట్టే తిప్పాను. వంతెన దగ్గర ఒక్కటే గట్టి దెబ్బ. "హోల్డాన్!"

ట్రాక్టరువాడు పోతూ పోతూ చెయ్యి ఊపాడు. నాన్న ఒళ్ళంతా గడ్డి దులుపుకుంటూ ఎక్కి, "ఎన్నేళ్ళకిస్తారంట లైసెన్సు?" అన్నాడు. నా వయసుకి పదేళ్ళు అన్నాను. "మాకు హెవీకి మూడేళ్ళకే. ప్రతిసారీ పోయి నిలబడాల్సొచ్చేది" అన్నాడు, కాస్త అసూయగానే.

ఇంటికి రాగానే ఎల్ బోర్డు పీకేద్దామని గోరు పెట్టాను. ఆ బోర్డుకీ ఓ కథ. స్టిక్కరు కొట్టువాడు మొదట నీలంరంగులో పూలతీగలాంటి ఎల్ చేసిచ్చాడు. 18 సెంటీమీటర్ల చదరం, తెలుపు మీద ఎరుపు, అదే రూలని చెప్పి మళ్ళీ కోయించాను. రెండోసారి డబ్బులు తీసుకోలేదు. పైన గోరు పట్టు దొరికింది, అంగుళం లేచింది కూడా. నాన్న కేకేశాడు. "కార్డు వచ్చిందా?"

పాసయ్యాను కదా, వచ్చాక డిజిలాకరులో ఫోన్‌లోనే చూపించొచ్చట అన్నాను.

"కాగితం చేతికొచ్చిందా లేదా?"

రాలేదన్నాను. లేచిన అంగుళాన్నీ బొటనవేలితో అద్ది మళ్ళీ అతికించాడు.