ఫోన్‌పై మమకారానికి మార్కులేసిన అనుభవం

పీజీ సైకాలజీ ప్రాజెక్టుకు యువత, ఫోన్ అనుబంధం అనే అంశం ఎంచుకున్నాను. గైడ్ మేడమ్ అడిగిన మొదటి మాట, "వాడకాన్ని కొలుస్తావా, మమకారాన్నా?" వాడకమైతే స్క్రీన్ టైమే చెప్పేస్తుంది. కానీ రోజంతా ఫోన్ చూస్తూ తిరిగే డెలివరీ కుర్రాడికి దానిమీద ఏ మమకారమూ లేకపోవచ్చు. గంటసేపు కూడా వాడని అమ్మాయికి అది దిండు పక్కన లేకపోతే నిద్ర పట్టకపోవచ్చు.

ముందు 2015లో యిల్దిరిమ్, కొర్రేయా అనే పరిశోధకులు తయారుచేసిన నోమోఫోబియా (ఫోన్ దగ్గర లేకపోతే కలిగే భయం) ప్రశ్నావళి చూశాను. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. మొత్తం 100 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన స్థాయి. బాగానే ఉంది గానీ, అది పట్టుకునేది ఫోన్ లేనప్పటి టెన్షన్‌నే. ఫోన్ ఉన్నందువల్ల వచ్చే విసుగు సంగతి? 2016లో ట్రబ్, బార్బో చేసిన స్కేలులో అదీ ఉంది. ఆసరా ఒకవైపు, భారం ఇంకోవైపు. నాకు కావలసింది అదే.

ఫారం కాగితం మీదే ఇచ్చాను. ఫోన్‌లో ఇస్తే మధ్యలో వాట్సాప్ మోగుతుంది, ఇక మనిషి మనకు దక్కడు.

పైలట్‌లో, అంటే ముందుగా కొద్దిమందితో చేసే ప్రయోగంలో, ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టి, టిక్ పెడుతూ మనసులో మాట పైకి చెప్పమన్నాను. ఫోన్ దగ్గరుంటే ధైర్యమా అన్న చోట ఒకమ్మాయి తడుముకోకుండా చివరి గడిలో టిక్ పెట్టింది. ఫోన్‌కు దూరమైతే హాయిగా ఉంటుందా అన్న చోట కూడా చివరి గడి దగ్గరే పెన్ను ఆపి, "అక్కా, రెండూ నిజమే. పెట్టొచ్చా?" అంది.

"పెట్టమ్మా" అన్నాను.

భారం మార్కును తిరగేసి, అంటే 7ను 1గా లెక్కించి, ఆసరాతో కలిపేస్తే ఈ అమ్మాయికి 7, 1 కలిసి 8 వస్తుంది. రెండింటికీ 4 పెట్టి ఊరుకున్నవాడికీ 8 వస్తుంది. ఆమె లోపలి పెనుగులాట ఆ అంకెలో మాయం. అందుకే రెండు మార్కులూ విడివిడిగానే ఉంచాను.

ఆ తర్వాతదంతా చాకిరీ. అనుమతి పత్రాలు, డేటా ఎంట్రీ, అన్నింటికీ ఒకే గడి కొట్టుకుంటూ పోయిన ఫారాల ఏరివేత, ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటిందా లేదా అన్న ఎదురుచూపు.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నేరుగా అడిగారు, "ఇంతకీ వీళ్లలో అడిక్ట్‌లు ఎంతమంది?"

ఈ స్కేలు ఆ సంగతి తేల్చదని, దానికి చదువు, నిద్ర, పని ఎంత దెబ్బతిన్నాయో వేరే అడగాలని చెప్పాను. ఆయనకు పెద్దగా రుచించినట్టు లేదు. టేబుల్‌లో మాత్రం ఆసరా, భారం రెండు వరుసలూ అలాగే ఉంచమన్నారు.